ఆ బిడ్డను నేనే అన్నాయన

ఆయన పోయినాడని మొన్న రేడియోలో చెప్పినారు. పొయ్యి మీద చారు మరుగుతా ఉంది. వార్తలు చదివేటాయన గొంతు తగ్గించి, గొప్ప ఉపన్యాసకుడు అన్నాడు, తెలుగుతల్లి ముద్దుబిడ్డ అన్నాడు. ఆ బిడ్డ అన్న మాట చెవిన పడేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. పోయి రేడియో కట్టేసినాను. మా ఇంటాయన అరుగు మీద కూర్చోనుండాడు. ఎందుకు కట్టేసినానో ఆయనకు తెలుసు.

పోయిన మనిషిని గురించి చెడ్డ మాట్లాడగూడదని నాకూ తెలుసు. అందుకే ముందు మంచే చెప్తాను. నా జన్మలో అంత బాగా మాట్లాడే మనిషిని నేను చూడలేదు. అంత బాగా వినే మనిషినీ చూడలేదు. మమ్మల్ని ముంచింది ఆ రెండోదే.

అప్పటికి కొత్త రాష్ట్రం వచ్చి ఇంకా కొత్త పోలేదు. కర్నూలే రాజధాని. ఆఫీసులు గుడారాల్లో ఉన్నాయని పోయొచ్చినోళ్ళు నవ్వుకుంటా చెప్పేవాళ్ళు. గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉండె గనక, రాజధాని మాదే అని మా వాళ్ళకు కొంచెం టెక్కు. బావి తవ్వినా మీటింగే, బడికి కప్పు వేసినా మీటింగే. మీటింగు అంటే బయటినుంచి ఒక ఉపన్యాసకుడు రావాల. మా ఇంటాయన బడిలో అయ్యవారు, పైగా ఊరి పఠనాలయానికి కార్యదర్శి. ఆయన పెండ్లాన్ని గనక వచ్చినోళ్ళందరికీ వండిపెట్టేది నేను. ఎన్ని రకాల మనుషులకు వడ్డించినానో! జైలుకు పోయొచ్చి మాట్లాడేటోళ్ళు, ప్లీడరీ వదిలేసి మాట్లాడేటోళ్ళు, హరికథలు చెప్పి చెప్పి గొంతు పోతే ఉపన్యాసాల్లోకి దిగినోళ్ళు. ఒకాయన మిలిటరీలో వంటవాడుగా చేసి వచ్చి ప్రపంచశాంతి గురించి మాట్లాడేవాడు. నా పప్పుకు వంకలు పెట్టినాడు గానీ మనిషి మంచోడు.

ఈ పోయినాయన మాత్రం వేరే. ముందే కబురు పంపేవాడు. హోటలు వద్దు, సత్రం వద్దు, పెద్దావిడ ఉండే ఇంట్లో దించండి, తల్లి చేతి ముద్ద తింటేనే నాకు మాట వస్తుంది అని. మా ఇంట్లో మా అత్త ఉంది గనక మా ఇంటికే వచ్చేవాడు. వండేది నేనైనా ఆ ముద్ద మా అత్తదే అయ్యేది. పోనీలే.

పొడుగు మనిషి. ముందర జుట్టు పల్చబడి నొసలు పెద్దగా కనపడేది. వయసు ముప్పై అనుకుంటే ముప్పై, నలభై అనుకుంటే నలభై. వేదిక ఎక్కంగానే చేతి గడియారం విప్పి బల్ల మీద బోర్లా పెట్టేవాడు. నేను టైము చూసుకోను, మీరు చాలన్నప్పుడే ఆపుతాను అని దానర్థం. జనానికి అది చానా నచ్చేది. మధ్యలో మిరియాలేసిన వేన్నీళ్ళు ఒక గుటక. వేరేవాళ్ళు గొంతు పెంచే చోట ఈయన తగ్గించేవాడు. అప్పుడు వెనకనున్న మొగోళ్ళు కూడా బీడీలు ఆర్పేసి మెడలు ముందుకు చాపేవాళ్ళు.

వేదిక ఎక్కేముందు మా ఇంటాయన్ని పక్కకు పిలిచి ఒకటే అడిగేవాడు, ఈరోజు వచ్చినోళ్ళు ఎక్కువ ఎవరు అని. రైల్వే వాళ్ళంటే ఆయన చిన్నప్పుడు స్టేషన్లో మూటలు మోసినాడు. గొర్రెలోళ్ళంటే అడవిలో మంద వెంట తిరిగినాడు. కంభంలోనయితే చెరువు కింద మడి దున్నినాడంట. ఒకసారి రైల్లో మా ఇంటాయనకూ కంభంలో ఉండే మా మేనమామకూ దీనిమీద పెద్ద వాదన. మూటలు మోసినాడని మా ఇంటాయన, మడి దున్నినాడని మామ. మా ఊర్లో చేతులు చూపించినాడయ్యా, కాయలు కాసినాయి అని కంభం మామ ప్రమాణాలు చేసినాడు. చివరికి పెద్దోళ్ళు అన్ని పనులూ చేసే పైకి వస్తారని ఇద్దరూ ఒప్పుకొని శెనక్కాయలు తింటా కూర్చున్నారు. అది అబద్ధమని మాకు తోచలేదు. మా బతుకుల గురించి అంత చక్కగా చెప్పేటోడికి ఆ బతుకు తెలీకుండా ఎట్లుంటుంది అనుకున్నాం.

దానికి కావలసిన సరుకు ఆయన ఎట్ల సంపాదిస్తాడో మా వంటింట్లోంచి నేను చూసినాను. అన్నం తిన్నాక మంచం వేసినా పడుకోడు. నేలమీద చాప వేసుకొని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకొని, చెంపకు చెయ్యి ఆనించి మా అత్త ఎదురుగా కూర్చునేవాడు. ఊఁ కొట్టడు. అడ్డం రాడు. చూస్తా ఉంటాడు, అంతే. మనం ఆపితే, ఇంకా ఏమో ఉంది గదా అన్నట్టు చూస్తాడు. ఆ చూపుకు నేనూ పడినాను. అర్ధవీడులో మా పుట్టింటి మేకల సంగతి, మా నాయన చిరతను చూసి చెట్టెక్కి, పంచె కిందనే వదిలేసిన సంగతి అన్నీ చెప్పేసినాను. మా ఇంట్లో అంతవరకు ఆడోళ్ళ మాట అట్ల కూర్చుని విన్న మొగోడు లేడు.

ఒకసారి రాష్ట్రం వచ్చిన పండగకు ఆయన్ని పిలిచినారు. మధ్యాన్నం అన్నాలైనాయి. సాయంత్రం మీటింగు. మా ఇంటాయన పందిరి పనికి పోయినాడు. వచ్చినాయన చాప మీద, మా అత్త గుంజకు ఆనుకొని. నేను వంటింటి గడప లోపల కొర్రలు చెరుగుతా ఉన్నాను. మాటల్లో ఆయన, మీకు ఒక్కడే కొడుకా అమ్మా అని అడిగినాడు. ఊరంతా అడిగేదే ఆ మాట. మా అత్త చెప్పే జవాబు కూడా నాకు తెలుసు. ఇంకొకడు ఉండె, పసిగుడ్డప్పుడే జరమొచ్చి పోయినాడు అంటుంది. ఆరోజు ఆ జవాబు రాలేదు. నేను చేట ఆపినాను. మా అత్త, "పోలేదు నాయనా, ఇచ్చినాను" అనింది.

కరువు సంవత్సరం అంట. మా మామ కాలవ పనికని ముందే నంద్యాల దిక్కు పోయినాడు. మా అత్త పెద్దోణ్ణి నడిపించుకుంటా, చిన్నోణ్ణి చంకనేసుకొని, దిగువమెట్ట మీదుగా అడవి దాటి పోయింది. తిండి లేదు, పాలు ఎండిపోయినాయి. పిల్లోడు ఏడ్చే ఓపిక కూడా లేకుండా అయినాడు. అడవి దాటినాక గాజులపల్లె దగ్గర ఉప్పు బండ్లు తోలే మొగుడూపెండ్లాం కనపడినారు. వాళ్ళకు పిల్లల్లేరు, పాలావు ఉంది. మేం సాకుతాం, వానలు పడినాక వచ్చి తీస్కపో తల్లీ అన్నారు. వానలు పడినాక పోతే వాళ్ళు లేరు. బండ్లోళ్ళు, వాళ్ళను యాడని వెతికేది? ఇచ్చినానంటే అమ్ముకునిందంటారని మొగుడికి కూడా జరం అనే చెప్పింది. మామ ఆ మాట నమ్మే కండ్లు మూసినాడు. మా ఇంటాయనా, అప్పటికి ఊహ తెలీని పిల్లోడు గనక, అదే నమ్మినాడు. అన్నేండ్లు ఒక్క ప్రాణికి చెప్పని మాట ఆ చాప మీది మనిషికి చెప్పింది. చెప్పి, కొంగుతో మొగం తుడుచుకొని, ఇది ఎవురికీ తెలీదు నాయనా అనింది. ఆయన రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టినాడు.

సాయంత్రం బడి ముందర పందిరి కిటకిటలాడింది. ఆడోళ్ళం ఒక పక్క జంపఖానా మీద కూర్చున్నాం, మా అత్త నా పక్కన. ఆయన గడియారం విప్పినాడు. రాష్ట్రం గురించి మొదలుపెట్టి, పరాయి ఇంట్లో పెరిగిన ఒక బిడ్డ కథ చెప్తాను అన్నాడు. కరువు, అడవి, చంకలో పసిగుడ్డు, ఉప్పు బండ్లు, ఏదీ వదల్లేదు. పందిట్లో ఒక్కరు దగ్గలేదు. మా అత్త నా చెయ్యి పట్టుకునింది, ఎముక నొప్పి పుట్టేటట్టు. అప్పుడు ఆయన గొంతు తగ్గించినాడు.

"ఆ తల్లి బిడ్డను వాళ్ళ చేతుల్లో పెట్టి నాలుగడుగులు పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. పాలు లేవని తెలుసు. అయినా ఒక్కసారి రొమ్ము నోటికిచ్చింది. అప్పుడు పోయింది." కొంచెంసేపు ఆగినాడు. "అయ్యలారా, అమ్మలారా, ఆ బిడ్డ ఎవరో కాదు. మీ ముందు నిలబడిన నేనే."

పందిరంతా ఏడ్చింది. మన రాష్ట్రం కూడా అట్లనే పరాయి పంచనుంచి తల్లి ఒడికి వచ్చిందని ముగించినాడు. ఇంగ చప్పట్లు చూడాల. నాకు మాత్రం చెప్పుతో కొట్టినట్టుండె. మధ్యాన్నం మా ఇంట్లో చెప్పిన మాట సాయంత్రానికి పందిట్లో పెడతాడా అని పండ్లు కొరుక్కుంటా మా అత్త దిక్కు తిరిగినాను. ఆమె ఏడవడం లేదు. మొగం వెలిగిపోతా ఉంది. నా చెవి దగ్గరికి వొంగి, "ఎనక్కి వచ్చి పాలిచ్చింది నేను చెప్పలేదే. వాడికెట్ల తెలుసు?" అనింది.

నిజమే, చెప్పలేదు. నేను వింటానే ఉన్నాను గదా. నాకూ నమ్మబుద్ధి అయింది.

మీటింగు అయినాక మా అత్త జనాన్ని తోసుకుంటా పోయి, ఆయన మొగాన్ని రెండు చేతుల్లో పట్టుకొని చూసింది. అందరూ చూస్తా ఉన్నారు. ఆయన వంగి ఆమె కాళ్ళకు మొక్కినాడు. మెడలో దండ తీసి ఆమె చేతుల్లో పెట్టి, అమ్మా, పోయొస్తాను అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ఆ రాత్రి రైలుకే పోయినాడు. ఉపన్యాసం వరకూ అయితే ఎట్లనో సర్దుకునేవాళ్ళమేమో. ఆ కాళ్ళకు మొక్కిందే నేను క్షమించలేను. జనం చూస్తున్నారని మొక్కినాడు. కన్నతల్లికి మొక్కినాడని ఆమె అనుకునింది.

ఇంటికొచ్చి మా అత్త కొడుకుని కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పింది. నీ తమ్ముడు చావలేదు, ఇప్పుడే వచ్చి పోయినాడు అనింది. మా ఇంటాయన గోడకు ఆనుకొని విన్నాడు. తర్వాత నన్ను చూసి, ఆ నొసలు మా నాయన నొసలే గదా అన్నాడు. ఇప్పుడనుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. అట్లాంటి నొసలున్న మొగోళ్ళు గిద్దలూరు బజారు నిండా ఉన్నారు.

ఆ దినాల్లో మా అత్తను చూడాల. నేను కాపురానికొచ్చిన కాడినుంచి ప్రతిదానికీ సణిగిన మనిషి సణుగుడు మానేసింది. చేను రెండు పాళ్ళు చెయ్యాల, బావి ఉండే వాటా చిన్నోడికియ్యాల అనేది. వాడి పెండ్లాం ఎట్లుంటుందో, నీతో సర్దుకుంటుందో లేదో అని నన్నే అడిగేది. సర్దుకోక యాడికి పోతుంది, నేను నీతో సర్దుకోలేదా అంటే నవ్వేది. నలుగుర్లో బయటపడలేక కథ మాదిరి చెప్పినాడు, నాకు మాత్రం తెలిసేట్టు చెప్పినాడు అని ఆమె నమ్మకం. ఎంత మర్యాదస్తుడో చూడు అని మురిసిపోయేది.

ఆయన రాలేదు. కబురూ లేదు. ఊరూరా తిరిగే మనిషి, పనులుంటాయి అనింది మా అత్త. ఇంతలో మార్కాపురంలో పలకల పనివాళ్ళ మీటింగుకు వస్తున్నాడని తెలిసింది. ఇంగ ఆగుతుందా. నువ్వులుండలు చేయించింది, కొత్త పంచె తెప్పించింది. ముగ్గురమూ రైలెక్కినాం. స్టేషను నుంచి ఊర్లోకి జట్కాలో పోతుంటే, తమ్ముడూ అని పిలవాల్నా, పేరు పెట్టి పిలవాల్నా అని మా ఇంటాయన నన్ను అడిగినాడు. ఒక్కడే పెరిగిన మనిషి, ఆయనకేం తెలుసు.

మార్కాపురం జనం జుట్టు మీద, బట్టల మీద పలక దుమ్ము. ఆయన ఆ దుమ్ముతోనే ఎత్తుకున్నాడు. నన్ను కని నా తల్లి కన్నుమూసింది, తల్లి మొగం ఎట్లుంటుందో నేనెరగను, ఈ గనుల దగ్గర ఈ దుమ్ములోనే పెరిగినాను అన్నాడు. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించినాడు. మా చుట్టూ కూర్చున్న ఆడోళ్ళు కండ్లొత్తుకున్నారు. మా అత్త పంచె మూట ఒళ్ళో పెట్టుకొని ఆయన్నే చూస్తా ఉండె. మా ఇంటాయన తల వంచుకున్నాడు, మళ్ళీ ఎత్తలేదు.

లేచి పోదాం పద అత్తా అన్నాను. ఆమె కదల్లేదు. అంతా అయినాక పోయి ఆయన ముందర నిలబడింది. గుర్తుపట్టినాడు, అది ఒప్పుకోవాల. నవ్వుమొగంతో, రండమ్మా, ఇంత దూరం వచ్చినారా అన్నాడు.

"నువ్వు నా చిన్నోడివి కాదా నాయనా?" అని అడిగింది మా అత్త.

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమైనాక కూడా నవ్వు అట్లనే మొగం మీద ఉండిపోయింది. అది ఉపన్యాసం కదమ్మా అన్నాడు. జనానికి హత్తుకోవాలంటే నాది అని చెప్పాలి, వాళ్ళదీ వీళ్ళదీ అంటే ఎవరూ వినరు అన్నాడు. మీ కథ విని ఎంతమంది ఏడ్చినారో మీరే చూసినారు, అది మీకు గౌరవమే కదా అన్నాడు. ఇంకా ఏమో చెప్పబోతుంటే మా అత్త అడ్డం వచ్చింది. వెనక్కి వచ్చి పాలిచ్చినానని నీకెట్ల తెలుసు అని అడిగింది.

"ఏ తల్లయినా అదే చేస్తుంది కదమ్మా" అన్నాడాయన.

ఆయన చెప్పిన వాటన్నిటిలో ఆ ఒక్కటి నిజం. నాకు అదే ఎక్కువ మండింది. మా ఇంట్లో తిన్న అన్నం ఎత్తి చూపి, అక్కడే కడిగిపారేద్దామని నోరు తెరిచినాను. మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఆమెకు కోపం ఉన్నట్టు కూడా లేదు. నిదానంగా చెప్పింది.

"సరే నాయనా. అయ్యిందేదో అయ్యింది. ఇంగ ఆ కత మాత్రం యాడా చెప్పొద్దు. అది నీది గాదు, నాది గూడా గాదు. వాడిది. వాడు యాడన్నా బతికుంటే వాని దగ్గర ఉండేది అదొక్కటే. నిన్ను ఇట్ల ఇచ్చి పోయిందిరా అని ఆ బండ్లోళ్ళు చెప్పింటారు గదా. దాన్ని పట్టుకొని ఒకదినం వెతుక్కుంటా వస్తాడు. నువ్వు ఊరూరా చెప్పేస్తే, వాడు వచ్చి చెప్పినప్పుడు ఎవురు నమ్మతారు?"

ఆయన కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నిజమైన నీళ్ళే, దగ్గరనుంచి చూసినాను. ఆమె చేతిలో చెయ్యి వేసి, ఒట్టమ్మా, మళ్ళీ నా నోట రాదు అన్నాడు. మా అత్త నమ్మింది. తెచ్చినవి తిరిగి మోసుకపోవడం ఎందుకని పంచె, నువ్వులుండలు అక్కడే ఇచ్చేసింది. సిగ్గు లేకుండా తీసుకున్నాడు.

రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆయన కూడా పెద్దోడైనాడు. మూటలు, మడి, మంద, పలకల గని, అన్ని బతుకులూ ఒక్కొక్కటే వదిలేసినాడు. మా అత్త కథ ఒక్కటి మిగుల్చుకున్నాడు, అదే ఎక్కువ పనికొచ్చింది గనక. కాలేజీల్లో చెప్పినాడు. రేడియోలో చెప్పినాడు. మా ఊరి బడి పిల్లోళ్ళు దాన్ని నాటకంగా వేసినారు, మా ఇంటాయనే దగ్గరుండి తెరలు కట్టాల్సి వచ్చింది. అది ఎవరి కథో బయట ఒక్కరికీ తెలీదు, మేం చెప్పలేదు. మా అత్త నాటకానికి రాలేదు. ఒట్టు పెట్టి గూడానా అని ఒక్కసారి అనింది.

కొన్నేండ్లకు, స్టేషను ముందర టీ దుకాణం పెట్టుకున్న మస్తాను పొద్దున్నే మా ఇంటికి పాలకని వచ్చి, మాటల్లో నవ్వుతా ఒక సంగతి చెప్పినాడు. ముందురోజు నంద్యాల బండి దిగి ఎవడో వచ్చినాడంట. కరువులో ఈ దిక్కునుంచి పోయిన ఒక తల్లి ఉప్పు బండ్లోళ్ళకు పసిబిడ్డనిచ్చిందంట, అట్లాంటామె ఈ ఊర్లో ఎవురన్నా ఉన్నారా అని అడిగినాడంట. దుకాణంలో ఉన్నోళ్ళు పడి పడి నవ్వినారంట. మీటింగులో విన్యావా, రేడియోలో విన్యావా అని అడిగినారంట. ఆ బిడ్డ ఎవురో దేశమంతా తెలుసు, మాకు చెప్పొచ్చినావేంది అన్నారంట. ఆ మనిషి ఇంకేం మాట్లాడకుండా కంభం దిక్కు బండి వస్తే ఎక్కి పోయినాడంట.

మా ఇంటాయన చెప్పులు కూడా తొడుక్కోకుండా స్టేషనుకు పరుగెత్తినాడు. కంభం పోయినాడు, అర్ధవీడు పోయినాడు, మార్కాపురం దాకా సత్రాలన్నీ తిరిగినాడు. ఒట్టి చేతులతో వచ్చి గడప మీద కూలబడినాడు. వచ్చినోడు నిజంగా మా చిన్నోడో, ఆ ఉపన్యాసం విని ఆశపడి వచ్చిన ఇంకో తల్లి బిడ్డో మాకు తెలీదు. ఇంగ తెలిసే దోవ కూడా లేకుండా చేసినాడు ఆ పుణ్యాత్ముడు.

మా అత్త మాత్రం ఊరుకోలేదు. నా భుజం పట్టుకొని నడుచుకుంటా మస్తాను దుకాణానికి పోయింది. ఆ మనిషి పొడుగా పొట్టా, నలుపా తెలుపా, ఏమన్నా తిన్యాడా అని అడిగింది. మస్తానుకు అప్పుడు అర్థమైంది. పొయ్యి మీద గిన్నె దించి పక్కన పెట్టినాడు.

"నవ్వుతా ఉన్యాం గదా పెద్దమ్మా," అన్నాడు. "మొగం ఎవురమూ సరిగా చూడలేదు."